మంచినీళ్ళ సీసా

ప్రయాణాలలోను, నడక, ఆటలు, వ్యాయామం వంటి సందర్భాలలోను తాగునీటిని వెంట తీసుకువెళ్ళడానికి, ఖాళీ అయిన తరువాత కడిగి మళ్ళీ మళ్ళీ నింపుకోవడానికి వీలుగా తయారైన మూత గల పాత్రను మంచినీళ్ళ సీసా అంటారు. వాడుకలో వాటర్ బాటిల్ అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది. సీసా అన్న మాట మొదట గాజు పాత్రకే చెల్లినా, ఇప్పుడు స్టీలు, ప్లాస్టిక్, రాగి, అల్యూమినియం పాత్రలకు కూడా వర్తిస్తున్నది. ఒకసారి తాగి పారవేయడానికి దుకాణాలలో అమ్మే బాటిల్ ఈ వ్యాసం విషయం కాదు. అయితే చాలామంది దానినే నెలల తరబడి నింపి వాడుతుంటారు కనుక అవసరమైన చోట దాని ప్రస్తావన కూడా ఉన్నది.

సీసా కొనేటప్పుడు అందరూ మొదట చూసేది అది దేనితో చేయబడినదన్న సంగతి. అది ముఖ్యమే. కానీ నిత్యవాడకంలో ఎక్కువ ఇబ్బంది కలిగించేది సీసా లోపలికి చేయి గాని బ్రష్షు గాని పోకపోవడం, అందులో పోయకూడనిది పోయడం. మంచి లోహంతో చేసిన ఖరీదైన సీసా కూడా కడగడానికి వీలుకాకపోతే నాలుగు వారాలకే వాసన వేస్తుంది.

చరిత్ర

పూర్వం పొలానికి వెళ్ళేవారు, బాటసారులు ఎండబెట్టిన సొరకాయ బుర్రలలో, తోలు తిత్తులలో నీళ్ళు తీసుకువెళ్ళేవారు. సన్యాసుల చేతి కమండలం కూడా ఈ కోవకు చెందినదే. తెలుగు ఇళ్ళలో ప్రయాణాలకు ప్రత్యేకంగా ఉండిన పాత్ర మరచెంబు. ఇది సాధారణంగా ఇత్తడితో గాని రాగితో గాని చేసిన చెంబు. దీని మూతకు మర ఉండి, తిప్పి బిగించడానికి వీలయ్యేది. రైలులో నీళ్ళు ఒలకకుండా తీసుకువెళ్ళడానికి ఇంతకంటె మంచి సాధనం ఆ రోజులలో లేదు. ఇత్తడి పాత్రలకు లోపల కళాయి పూయించేవారు. మరచెంబు నోరు వెడల్పుగా ఉండడం వలన చింతపండు వేసి లోపలంతా తోమడం సులువు. నేటి సన్నమూతి సీసాలలో చాలావాటికి లేని సుగుణం ఇది.

నీటిని చల్లగా ఉంచడానికి రైతులు మట్టి కూజాను, లారీల వారు కాన్వాసు సంచిని వాడేవారు. రెండింటిలోను సూత్రం ఒక్కటే. గోడలోని సన్నని రంధ్రాల గుండా చెమ్మ బయటకు వచ్చి ఆవిరవుతూ లోపలి నీటి వేడిని తీసుకుపోతుంది. సైనికులు లోహపు సీసాకు తొడిగిన గుడ్డను తడిపి ఉంచడం కూడా ఇందుకే.

1892లో స్కాట్లండుకు చెందిన శాస్త్రవేత్త జేమ్స్ డ్యూవార్ ద్రవీకరించిన వాయువులను నిలువ ఉంచడానికి రెండు గోడల మధ్య శూన్యం గల గాజుపాత్రను తయారుచేశాడు. ఆయన దీనికి పేటెంటు తీసుకోలేదు. 1904లో జర్మనీలో థర్మాస్ అనే కంపెనీ ఏర్పడి దీనిని గృహోపకరణంగా అమ్మింది. ఆ పేరు ఎంతగా వ్యాపించిందంటే, 1963లో ఒక అమెరికా న్యాయస్థానం అది సామాన్య నామంగా మారిపోయిందని తీర్పు చెప్పింది. తెలుగులోనూ ఏ కంపెనీ ఫ్లాస్కునైనా థర్మాస్ అనే వాడుక ఉన్నది. గాజు ఫ్లాస్కు చేయి జారితే లోపలి భాగం గలగలమని ముక్కలయ్యేది. ఆ ఇబ్బంది లేకుండా 1913లో అమెరికాకు చెందిన విలియం స్టాన్లీ పూర్తిగా ఉక్కుతో శూన్య సీసాను తయారుచేశాడు. ఇప్పుడు మార్కెట్టులో కనిపించే స్టీలు ఫ్లాస్కులు దాని సంతతివే.

పి.ఇ.టి. అనే ప్లాస్టిక్‌ను 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయనవేత్తలు కనుగొన్నారు. దానితో సీసాలు చేసే పద్ధతికి 1973లో డ్యూపాంట్ కంపెనీ ఇంజనీరు నథానియల్ వైయెత్ పేటెంటు పొందాడు. తూకంలో తేలికగా, చవకగా ఉండే ఈ సీసా రాకతో ఇంటినుండి నీళ్ళు తీసుకువెళ్ళే అలవాటే చాలా చోట్ల తగ్గిపోయింది.

స్టెయిన్‌లెస్ స్టీలు

నిత్యవాడకానికి అన్నివిధాలా అనుకూలమైనది ఇదే. ఆహార పాత్రలకు వాడే 304 రకం ఉక్కులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. అందుకే దీనిని 18/8 అని కూడా రాస్తారు. క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఉక్కు పైన కంటికి కనబడనంత పలుచని పొరగా ఏర్పడి తుప్పు పట్టకుండా కాపాడుతుంది. 316 రకంలో 2 నుండి 3 శాతం మాలిబ్డినం కూడా కలుస్తుంది కనుక ఉప్పును మరింత తట్టుకుంటుంది. 201, 202 రకాలలో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు. ఇవి చవక, తుప్పును తట్టుకునే శక్తి తక్కువ.

అయస్కాంతం అంటుకోకపోతే అది మంచి స్టీలు అని దుకాణదారులు చెబుతుంటారు. ఈ పరీక్షను నమ్మడానికి లేదు. 201, 202 రకాలకు కూడా అయస్కాంతం అంటుకోదు. మరోవైపు అసలైన 304 రకం రేకును మూసలో వత్తి సాగదీసినప్పుడు అంచుల వద్ద కొద్దిగా అయస్కాంత గుణం వస్తుంది. సీసా మీద ముద్రించిన రకం సంఖ్యను, ఐ.ఎస్.ఐ. గుర్తును చూడడమే మేలు. 2023లో కేంద్ర ప్రభుత్వం స్టెయిన్‌లెస్ స్టీలు, రాగి, అల్యూమినియంతో చేసిన తాగునీటి సీసాలు ఐ.ఎస్. 17803 ప్రమాణానికి లోబడి ఉండాలని ఉత్తర్వు జారీ చేసింది.

రాగి

రాగి పాత్రలో రాత్రి నీళ్ళు పోసి ఉదయం తాగే ఆచారం మనకు పాతది. దీనికి కొంత శాస్త్రీయమైన ఆధారం లభించింది. బెంగుళూరు పరిశోధకులు 2012లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, అతిసారం కలిగించే బాక్టీరియాను కలిపిన నీటిని రాగి పాత్రలో 16 గంటలు ఉంచగా ఆ సూక్ష్మజీవులు బతికి ఉన్న జాడ కనబడలేదు. నీటిలోకి దిగిన రాగి కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దుకు, అనగా లీటరుకు 2 మిల్లీగ్రాములకు, లోబడే ఉన్నది.

ఇక్కడ గమనించవలసినది ఆ 16 గంటలు. స్టేషనులో కుళాయి నీళ్ళు పట్టి పది నిమిషాలకు తాగితే రాగి సీసా వలన ఈ ప్రయోజనం ఏమీ కలగదు. నీటిలో కరిగిన ఫ్లోరైడు వంటి లవణాలను రాగి తొలగించదు. నల్గొండ వంటి ఫ్లోరైడు ప్రాంతాలలో రాగి సీసాను మందుగా భావించడం పొరపాటు. అలాగే మజ్జిగ, నిమ్మరసం, చింతపండు పులుసు, పళ్ళరసం వంటి పుల్లని పదార్థాలు రాగిని కరిగిస్తాయి. అట్టి పానీయం తాగితే వికారం, వాంతులు, కడుపునొప్పి కలుగుతాయి. రాగి, ఇత్తడి పాత్రలలో పుల్లనివి పోయరాదని, చిలుము పడుతుందని పెద్దలు చెప్పిన మాట అక్షరాలా నిజం. వ్యాయామం చేసేవారు ఉప్పు కలిపిన నిమ్మరసం తాగడం మామూలే కనుక వారికి రాగి సీసా పనికిరాదు.

ప్లాస్టిక్

ప్లాస్టిక్ సీసా అడుగున త్రికోణం మధ్య ఒక అంకె ఉంటుంది. 1 అంటే పి.ఇ.టి. 2 అంటే గట్టి పాలిథిన్, 4 అంటే మెత్తని పాలిథిన్, 5 అంటే పాలీప్రొపిలీన్. 7 అంటే మిగిలినవన్నీ. ఈ అంకె సీసాను ఎన్నిసార్లు వాడవచ్చో తెలుపుతుందని ఒక అపోహ ఉన్నది. అది ప్లాస్టిక్ రకాన్ని మాత్రమే తెలుపుతుంది. 7వ సంఖ్య కింద పాలీకార్బొనేట్ ఉండవచ్చు, 2007లో ఈస్ట్‌మన్ కంపెనీ విడుదల చేసిన ట్రైటాన్ కూడా ఉండవచ్చు. కనుక ఆ అంకె ఒక్కటీ చూసి నిర్ణయించడానికి వీలులేదు.

పాలీకార్బొనేట్ గాజులా పారదర్శకంగా, రాతికి తగిలినా పగలనంత గట్టిగా ఉండడం వలన పర్వతారోహకులకు ఇష్టమైన పదార్థంగా ఉండేది. దీని తయారీలో బిస్‌ఫినాల్-ఎ అనే రసాయనాన్ని వాడతారు. ఇది శరీరంలో ఈస్ట్రొజెన్ హార్మోనును కొంతవరకు అనుకరిస్తుంది. 2008 ఏప్రిల్‌లో అమెరికాకు చెందిన నాల్జీన్ కంపెనీ తన సీసాలలో ఈ పదార్థాన్ని మానుకొంటున్నట్లు ప్రకటించింది. పసిపిల్లల పాల సీసాలలో దీని వాడకాన్ని 2011లో యూరోపియన్ యూనియన్, 2012లో అమెరికా నిలిపివేశాయి. 2023లో యూరప్ ఆహార భద్రతా సంస్థ రోజుకు శరీరంలోకి వెళ్ళదగిన మోతాదును అంతకు ముందున్న దానికంటె 20,000 రెట్లు తగ్గించింది. 2024 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ ఆహారానికి తగిలే వస్తువులన్నిటిలోను దీనిని నిషేధిస్తూ, మార్పునకు గడువు ఇస్తూ చట్టం చేసింది. ఇంట్లో పాత గట్టి ప్లాస్టిక్ సీసా ఉండి అది ఏ రకమో తెలియకపోతే, కనీసం అందులో వేడినీళ్ళు పోయకుండా ఉండడం మంచిది. వేడి పెరిగినకొద్దీ ఈ రసాయనం ఎక్కువగా నీటిలోకి దిగుతుంది.

కొనుక్కున్న పి.ఇ.టి. బాటిల్‌ను తిరిగి నింపితే కాన్సర్ వస్తుందన్న మాట విస్తృతంగా ప్రచారంలో ఉన్నది. పి.ఇ.టి. తయారీలో బిస్‌ఫినాల్-ఎ వాడరు. ఉత్ప్రేరకంగా వాడే ఆంటిమొనీ లోహం కొద్దికొద్దిగా నీటిలోకి దిగే మాట వాస్తవం. కానీ 2008లో అమెరికాలోని అరిజోనాలో జరిగిన పరిశోధనలో, 60 డిగ్రీల సెల్సియస్ వద్ద అది అమెరికా తాగునీటి హద్దును దాటడానికి 176 రోజులు పడుతుందని తేలింది. అంత వేడిలో అన్ని నెలలు సీసాను ఎవరూ ఉంచరు. 2024 జనవరిలో వెలువడిన మరొక అధ్యయనం బాటిల్ నీటిలో లీటరుకు సగటున సుమారు 2,40,000 ప్లాస్టిక్ రేణువులను లెక్కించింది. అత్యధిక భాగం అతి సూక్ష్మమైన నానో రేణువులే. వాటి వలన శరీరానికి కలిగే ఫలితం ఇంకా పరిశోధనలో ఉన్నది. ఈ బాటిల్‌తో నిత్యజీవితంలో ఎదురయ్యే అసలు లోపం వేరే ఉన్నది. దాని మూతి సన్నము, వేడినీటికి అది ముడుచుకుపోతుంది. కనుక దానిని శుభ్రంగా కడగడం సాధ్యం కాదు.

వ్యాయామానికి ప్రత్యేకించిన ప్లాస్టిక్ సీసాలు మెత్తని పాలిథిన్‌తో చేస్తారు. సైకిలు తొక్కుతూ ఒక చేత్తో నొక్కితే నీరు నోటిలోకి చిమ్ముతుంది. సైకిలు చట్రానికి బిగించే పట్టీలలో సుమారు 74 మిల్లీమీటర్ల వ్యాసం గల సీసా ఇముడుతుంది. లావైన స్టీలు ఫ్లాస్కు అందులో పట్టదు.

ఇతర పదార్థాలు

అల్యూమినియం తేలికైనది గాని పుల్లని పదార్థాలతో చర్య జరుపుతుంది కనుక లోపల పూత తప్పనిసరి. అప్పుడు మనం నీళ్ళు తాగేది నిజానికి ఆ పూత నుండే. 2008 ఆగస్టుకు ముందు తయారైన తన సీసాల పూతలో బిస్‌ఫినాల్-ఎ ఆనవాలు ఉన్నట్లు స్విట్జర్లాండుకు చెందిన సిగ్ కంపెనీ 2009లో వెల్లడించింది. పూత గీరుకుపోయిన అల్యూమినియం సీసాను వాడరాదు. గాజుకు రుచి, వాసన అంటవు. బరువు, పగిలే గుణం దాని లోపాలు.

శూన్యపు గోడల సీసా

మామూలు స్టీలు సీసాకు ఒకే గోడ ఉంటుంది. ఫ్లాస్కు రకానికి రెండు గోడలుండి వాటి మధ్య గాలిని తీసివేస్తారు. వేడి ప్రయాణించే మూడు మార్గాలలో వహనానికి, సంవహనానికి పదార్థం కావాలి. శూన్యంలో అది ఉండదు. వికిరణాన్ని తగ్గించడానికి లోపలి గోడ బయటి వైపు మెరిసే రాగి పూత గాని రాగి రేకు గాని వాడతారు. అందుకే దీనిలో చల్లని నీరున్నా బయట చెమ్మ పట్టదు, సంచిలోని పుస్తకాలు తడవవు.

శూన్యం పోయినదీ లేనిదీ ఇంటిలోనే తెలుసుకోవచ్చు. మరిగిన నీటిని నింపి మూత పెట్టి ఐదు నిమిషాల తరువాత పక్కలు తాకి చూడాలి. మెడ భాగం తప్ప మరెక్కడైనా వేడిగా తగిలితే శూన్యం పోయినట్లే. ఒకసారి పోయిన దానిని బాగుచేయడం కుదరదు. ఇట్టి సీసాను నీటితో నింపి ఫ్రీజరులో పెట్టరాదు. నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచించి లోపలి గోడను ఉబ్బిస్తుంది.

దీని లోపం బరువు. ఒకే పరిమాణమైతే రెండు గోడల సీసా ఒంటి గోడ సీసాకు దాదాపు రెట్టింపు తూగుతుంది. ఉదయపు నడకకు, పరుగుకు ఇంత బరువు అవసరం లేదు. మే నెలలో బస్సు ప్రయాణానికి మాత్రం ఇది చాలా ఉపయోగం.

నోరు, మూత

సీసా నోరు వెడల్పుగా ఉంటే కడగడం, మంచు ముక్కలు వేయడం తేలిక. నడుస్తూ తాగితే మాత్రం ముఖం మీద ఒలుకుతుంది. సన్నమూతి ఉంటే మన పద్ధతిలో ఎత్తి పోసుకుని తాగవచ్చు. ఎంగిలి చేయకుండా తాగే ఈ అలవాటు వలన నోటిలోని సూక్ష్మజీవులు సీసాలోకి చేరవు. ఒకే సీసాను జట్టులో నలుగురు పంచుకునేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. మెడ వద్ద వేరుపడే రెండు మూతల సీసా దొరికితే రెండు సౌకర్యాలూ కలుస్తాయి.

గొట్టంతో పీల్చే మూత పిల్లలకు ఇష్టం, తల్లులకు కష్టం. పీల్చిన తరువాత గొట్టంలో మిగిలిన ఎంగిలి నీరు తిరిగి సీసాలోకి జారుతుంది. గొట్టానికి సరిపడే సన్నని బ్రష్షు సీసాతో పాటు ఇవ్వకపోతే దానిని కొనకపోవడమే మంచిది. మూత లోపలి రబ్బరు వలయం ఊడి వస్తుందో లేదో కూడా దుకాణంలోనే పరీక్షించి చూడాలి. నల్లని బూజు ముందుగా చేరేది అక్కడే.

పరిమాణం, కొలత

ఒక లీటరు నీరు ఒక కిలో బరువు. పెద్ద సీసా కొని బరువుకు జడిసి ఇంట్లో వదలివేయడం కంటె 500 లేదా 750 మి.లీ. సీసాను దారిలో మళ్ళీ నింపుకోవడం ఆచరణకు దగ్గర. బడి పిల్లలకు ఇది మరీ వర్తిస్తుంది. 2019లో కేరళలో మొదలైన ‘వాటర్ బెల్’ పద్ధతి, అనగా నీళ్ళు తాగడానికి ప్రత్యేకంగా గంట కొట్టడం, తరువాత తెలుగు రాష్ట్రాల బడులలోకి కూడా వచ్చింది. గంట కొట్టే సమయానికి పిల్లవాని సీసాలో నీళ్ళు ఉండాలి కదా!

సీసా మీద మిల్లీలీటర్ల గుర్తులు ఉండడం అలంకారం కాదు. వడదెబ్బ సూచనలు కనబడినప్పుడు, విరేచనాలు పట్టుకున్నప్పుడు ఓ.ఆర్.ఎస్. పొట్లం కలపవలసి వస్తుంది. మన మందుల దుకాణాలలో దొరికే పెద్ద పొట్లం సాధారణంగా ఒక లీటరు నీటికి, చిన్నది 200 మి.లీ. నీటికి ఉద్దేశించినవి. లీటరు పొట్లాన్ని 750 మి.లీ. సీసాలో కలిపితే ద్రావణం మూడో వంతు చిక్కబడుతుంది. ఉప్పు ఎక్కువైన ద్రావణం పసిపిల్లలకు ప్రమాదకరం. పొట్లం మీది కొలత, సీసా మీది కొలత రెండూ సరిచూసుకొని కలపాలి. పొట్లం లేనప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చదునైన చెంచాల పంచదార, అర చదునైన చెంచా ఉప్పు వేస్తారు. ఇక్కడ చెంచా అంటే 5 మి.లీ. పట్టే టీ చెంచా. వడదెబ్బ తగిలి స్పృహ తప్పిన మనిషి నోటిలో ఏదీ పోయరాదు. శరీరాన్ని తడిపి చల్లబరుస్తూ వెంటనే ఆసుపత్రికి తరలించాలి.

ఎక్కువ తాగినకొద్దీ మంచిదన్న నమ్మకం కూడా సరి కాదు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది పరుగువారి రక్తాన్ని పరీక్షించగా 13 శాతం మందిలో సోడియం మామూలు కంటె తగ్గినట్లు తేలింది. పరుగులో చాలా ఎక్కువ ద్రవం తాగి బరువు పెరిగినవారిలో ఇది ఎక్కువగా కనబడింది. గంటలోపు వ్యాయామానికి దాహం వేసినప్పుడు మామూలు నీరు తాగితే చాలు. ఎండలో గంటల తరబడి శ్రమించేవారికి నీటితో పాటు ఉప్పు కూడా అవసరం.

ప్రయాణాలలో

తిరుమలలో 2022 జూన్ నుండి ప్లాస్టిక్‌ను పూర్తిగా నిషేధించారు. కొండమీద జలప్రసాదం కుళాయిల వద్ద నీరు పట్టుకోవచ్చు. అలిపిరి నుండి సుమారు 3,550 మెట్లు ఎక్కే కాలినడక భక్తులకు భుజానికి తగిలించుకునే ఒంటి గోడ స్టీలు సీసా అనుకూలం. సిక్కింలోని లాచెన్ గ్రామం 2012లోనే బాటిల్ నీళ్ళను నిషేధించింది.

2006లో లండన్ నుండి బయలుదేరే విమానాలను ద్రవరూపంలోని పేలుడు పదార్థాలతో పేల్చివేయాలన్న కుట్ర బయటపడిన తరువాత, అంతర్జాతీయ విమానాలలో చేతి సంచిలో 100 మి.లీ. కంటె ఎక్కువ ద్రవాన్ని అనుమతించని నియమం వచ్చింది. కొత్త స్కానర్లు పెట్టిన కొన్ని విమానాశ్రయాలు దీనిని సడలించాయి. ఖాళీ సీసాతో తనిఖీ దాటి లోపలి కుళాయి వద్ద నింపుకోవడం సులభమైన మార్గం. విమానం లోపలి గాలి పీడనం సుమారు 1,800 నుండి 2,400 మీటర్ల ఎత్తున ఉండేటంత ఉంటుంది. నేలమీద బిగించిన సీసాలోని గాలి అక్కడ వ్యాకోచించి, గొట్టం మూత తెరవగానే నీరు పైకి చిమ్ముతుంది. తెరిచే ముందు మూతను కాస్త వదులు చేస్తే పొరుగువారు తడవరు.

మజ్జిగ, పళ్ళరసం బిగుతైన సీసాలో ఎండకు పులిసి వాయువు పుట్టిస్తాయి. మూత తీసేటప్పుడు అది ఎగిరి ముఖానికి తగిలే ప్రమాదం ఉన్నది. మజ్జిగను ఉదయం పోస్తే మధ్యాహ్నానికి ముగించాలి.

శుభ్రత

నీళ్ళే కదా అని చాలామంది సీసాను కడగరు. నోటి నుండి చేరిన సూక్ష్మజీవులు లోపలి గోడకు జిగురు పొరగా పేరుకుంటాయి. వేలు పెట్టి రుద్దితే జారుడుగా తగిలేది ఇదే. తొలిపి పారబోస్తే ఈ పొర పోదు, రుద్దాలి. రోజూ సబ్బు నీటితో, బ్రష్షుతో తోమి, మూత తీసి బోర్లించి ఆరబెట్టాలి. తడిగా ఉన్న సీసాకు మూత బిగించి అలమరలో పెడితే వాసన పుట్టడం ఖాయం.

బ్రష్షు పోని సన్నమూతి సీసాకు పాత ఇంటి చిట్కా ఒకటున్నది. గుప్పెడు బియ్యం, కొద్దిగా గోరువెచ్చని నీళ్ళు, చెంచాడు వంటసోడా వేసి మూత బిగించకుండా అరచేత్తో మూసి గిలకొట్టాలి. గింజలు గోడలను రాపాడి పొరను ఊడగొడతాయి. ఉప్పునీటి మచ్చలకు నిమ్మరసం గాని వెనిగర్ గాని పోసి గంటసేపు ఉంచి కడగవచ్చు. వెనిగర్, సోడా రెండూ కలిపి మూత బిగిస్తే వాయువు పుట్టి సీసా పేలవచ్చు. బ్లీచింగ్ పౌడరు నీటిని స్టీలు సీసాలో నిలువ ఉంచరాదు. అందులోని క్లోరిన్ ఉక్కును గుంటలు గుంటలుగా తినివేస్తుంది. రాగి సీసాను ఉప్పు, చింతపండుతో తోమి వెంటనే కడిగివేయాలి.

రబ్బరు వలయం చీలినా, ప్లాస్టిక్ లోపల గీతలు పడి మసకబారినా, తోమిన తరువాత కూడా వాసన వేసినా ఆ సీసాను గాని ఆ మూతను గాని మార్చుకోవాలి. కొన్ని కంపెనీలు స్టీలు ఫ్లాస్కు అడుగున శూన్యపు రంధ్రాన్ని మూయడానికి సీసం కలిసిన ముద్దను వాడి దానిపై స్టీలు బిళ్ళ అతికిస్తాయి. ఈ సంగతి 2024లో అమెరికాలో చర్చకు వచ్చింది. బిళ్ళ చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు సీసం నీటికి గాని చేతికి గాని తగలదు. బిళ్ళ ఊడిపోయిన ఫ్లాస్కును, ముఖ్యంగా చిన్నపిల్లలున్న ఇంట్లో, వాడకం మానివేయాలి.